కుళాయి పెట్టించాం, ఆ తర్వాత?

(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి మంచినీళ్ల గురించి మాట్లాడతామంటే, గోదావరి జిల్లాల్లో నీళ్ల కొరత ఏమిటయ్యా అని పెద్దలు నవ్వారు. 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక ఈ డెల్టాలో పంటకు నీళ్లొచ్చాయి, నిజమే. తాగే నీళ్ల సంగతి వేరు. సముద్రం వైపు వెళ్లేకొద్దీ బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీళ్లే పడతాయి. అందుకే ఊళ్లు కాలువనే నమ్ముకున్నాయి. ఆ కాలువల్లోకే ఇప్పుడు చేపల చెరువుల నీళ్లు, రొయ్యల చెరువుల నీళ్లు, ఊళ్ల మురుగు వచ్చి కలుస్తున్నాయి. ఎండాకాలం కాలువలు కట్టేస్తే, ముందుగా నింపుకున్న చెరువే దిక్కు. మే నెలాఖరుకు ఆ చెరువు నీళ్లు ఏ రంగులో ఉంటాయో లంక ఊళ్ల నుంచి, తీరం నుంచి వచ్చినవాళ్లకు మేము చెప్పక్కర్లేదు.

2020 డిసెంబరు మొదటి వారం ఏలూరు అందరికీ గుర్తుంది. వన్‌టౌన్ పేటల్లో నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే మూర్ఛ వచ్చి పడిపోయాడు. పిల్లలు, ఆడవాళ్లు, ముసలివాళ్లు, కొద్ది రోజుల్లోనే ఐదు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పింది. పురుగుమందుల మీద కూడా అనుమానం వచ్చింది. నీళ్లే కారణమని మేము అనం. కానీ ఆ వారంలో మనవాళ్లు ఫోన్ చేసి, "భాయ్, మీరు పెట్టించిన నీళ్లు తాగొచ్చా?" అని అడిగితే, తాగండి అని చెప్పడానికి మా దగ్గర ఒక్క పరీక్ష కాగితం కూడా లేదు. శంకుస్థాపన ఫొటోలు మాత్రం రెండు ఆల్బమ్‌లు ఉన్నాయి.

అంతకు ముందే ఒక పేటలో ఆర్వో ప్లాంటు పెట్టించి ఉన్నాం. దాత పేరు పాలరాతి మీద చెక్కించాం. ఏడాది దాటాక వెళ్లి చూస్తే షట్టరు వేసి ఉంది. మెంబ్రేన్ పోయింది, కరెంటు బిల్లు కట్టలేదు, జీతం అందక కుర్రాడు మానేశాడు. బాగు చేయిద్దామని నలుగురు దాతల దగ్గరకు వెళ్లాం. "రిపేరుకెందుకండీ, ఇంకోచోట కొత్తది పెట్టండి, మొత్తం నేనిస్తా" అన్నారొకరు. ఆయన మనసు మంచిదే, ఆ మాటలో మాకు తప్పు పట్టడానికేమీ లేదు. హజ్రత్ ఉస్మాన్ (రజి) మదీనాలో రూమా బావి కొని అందరికీ వక్ఫ్ చేసిన సంగతి విని పెరిగినవాళ్లం, సదఖయె జారియా అనగానే మనకు బావే గుర్తొస్తుంది. అయితే బావికి మెంబ్రేన్ ఉండదు. మిషను నీళ్లు ఇచ్చినన్నాళ్లే దాన్ని జారియా అనగలం.

ఇంకో పొరపాటు కూడా మాదే. చేతిలో టీడీఎస్ మీటరు పెట్టుకుని, అంకె తక్కువొస్తే నీళ్లు మంచివని తిరిగాం. ఆ మీటరు నీటిలో కరిగిన లవణాలనే చెబుతుంది. భారత ప్రమాణం ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే దారి లేనప్పుడు 2000 వరకు ఒప్పుకుంటారు. కానీ 60 చూపించే వాటర్ టిన్నులోనూ టిన్ను సరిగా కడగకపోతే క్రిములుంటాయి. అది తెలియాలంటే హెచ్‌టూఎస్ సీసాలో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచాలి, నల్లబడితే ఆ నీళ్లు తాగకూడదు. కుళాయి నీళ్లలో అయితే క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగిలి ఉండాలి. క్లోరోస్కోప్‌లో చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి. పదో తరగతి పిల్లలు కూడా చేయగల పని ఇది.

ఇక ఇళ్ల సంగతి. ఫిల్టరు బెడ్ల దగ్గర నీళ్లు బాగానే ఉండి, మన గుమ్మంలోకి వచ్చేసరికి పాడవుతాయి. సందులో పైపులు సైడు కాలువలోంచే పోతాయి. నీళ్లు వదలని వేళ పైపు ఖాళీగా ఉంటుంది, చిన్న చిల్లు చాలు, మురుగు లోపలికి దిగుతుంది. దానికి తోడు మనం కుళాయికి నేరుగా మోటారు పెట్టి లాగుతాం. అలా లాగితే నీళ్లతో పాటు ఆ మురుగూ వస్తుంది, పక్కింటివాళ్లకు ధార పడిపోతుంది. మెయిన్ పైపు నుంచి ఇంటి దాకా వచ్చే ముక్క సాధారణంగా ఇంటివాళ్ల బాధ్యతే. అద్దె ఇంట్లో ఉండే రిక్షా కార్మికుడు దాన్ని మార్పిస్తాడా? యజమాని మార్పించడు. కనెక్షనేమో ఎప్పుడో పోయిన తాతగారి పేరు మీద ఉంటుంది, బకాయి పేరుకుపోయి ఉంటుంది, అడగడానికి వెళ్తే కట్టమంటారేమోనని ఎవరూ వెళ్లరు. అందుకని మా కుర్రాళ్లు ఆ కాగితాలు పట్టుకుని వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీని కలుస్తున్నారు. పేరు మార్పు, బకాయికి వాయిదాలు, లీకు మీద ఫిర్యాదు. చేసేది చిన్న పనే, తిరుగుడు మాత్రం ఎక్కువ.

జకాత్ డబ్బు దీనికి వాడొచ్చా అని చాలామంది అడిగారు. ఉలమాలను అడిగాం. ప్లాంటు రిపేరుకు, జీతాలకు జకాత్ వాడవద్దన్నారు, అది హక్కుదారు చేతికే అందాలి. అర్హత ఉన్న కుటుంబం చేతికి ఇస్తే, ఆ డబ్బుతో వాళ్లు తమ బకాయి కట్టుకోవచ్చు, పైపు వేయించుకోవచ్చు. మిగతా వాటికి సదఖా, లిల్లాహ్ సొమ్మే కావాలి.

కాబట్టి ఈ ఏడాది కొత్త ప్లాంటుకు చందా అడగడం లేదు. ఉన్నవాటిలో ఒక ప్లాంటుకు ఏడాది ఖర్చు, అంటే కరెంటు, ఫిల్టర్లు, కుర్రాడి జీతం, నెలనెలా పరీక్ష, ఒక్కో దాత తీసుకోవాలని అడుగుతున్నాం. లేదంటే ఒక సందులో పైపుల ఖర్చయినా సరే. వీటికి శిలాఫలకం ఉండదు. పరీక్ష కాగితం మాత్రం ప్రతి నెలా ప్లాంటు గోడ మీద అంటిస్తాం, దాతకు వాట్సాప్‌లో పంపిస్తాం. అందులో సీసా నల్లబడిన నెల ఉంటే అదీ దాచం.

గత మూడు నెలల కాగితాలు బయట బల్ల మీద ఉన్నాయి. ఒకటి నల్లబడినదే. భోజనానికి వెళ్లేముందు ఒకసారి చూడండి, రసీదు పుస్తకం పక్కనే ఉంది.