ఆరోగ్యకేంద్ర సిబ్బంది – కంటికి కానరాని శ్రమ



పాఠశాల అమృతోత్సవంలో ఆరోగ్యకేంద్రపు ప్రసంగమేల అన్న సందేహం కొందరికి కలుగవచ్చును. కెలవరపల్లి జలాశయం చుట్టుపట్ల గ్రామాలలో ఏ కుటుంబమైనా తప్పక తొక్కవలసిన ప్రభుత్వ వాకిళ్ళలో ఒకటి బడి, మరొకటి ఆసుపత్రి. హాజరుపట్టీలు నింపుతూ, తనిఖీలకు జవాబు చెబుతూ, నడుమనే పాఠం చెప్పే ఉపాధ్యాయునికి నర్సమ్మ కష్టం ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

మూట మోసేవాని అలసట చెమటగా కనబడుతుంది. మనస్సు మోసే మూటకు అటువంటి ఆనవాలు లేదు. తమిళనాట టీకాలకు కేటాయించిన బుధవారాన్నే తీసుకొందాము. తట్టు-రుబెల్లా టీకా పొడిని ద్రావణంలో కలిపిన క్షణం మొదలు నాలుగు గంటలలోపు వాడవలెను. గడువు దాటితే పారవేయవలసినదే. నిలువ ఉంచే టీకాలు 2 నుండి 8 డిగ్రీల చలిలో ఉండవలెను. సూది వేయించుకొన్న బిడ్డను అరగంటసేపు కనిపెట్టి చూడవలెను. ఈ లెక్కలన్నీ తలలో నడుస్తూ ఉండగానే ఒక గర్భిణికి రక్తపోటు చూడవలసి వస్తుంది, ఒక వృద్ధునికి మాత్రలు లెక్కించి ఇవ్వవలసి వస్తుంది. అంతలో ఫోను మోగుతుంది, పైకార్యాలయం నిన్నటి సంఖ్యలు కోరుతుంది. మాత్రల లెక్క ఎక్కడ ఆగినదో మళ్ళీ మొదటి నుండి చూసుకోవలెను.

మానవుని తాత్కాలిక స్మృతి ఏడింటికి అటూఇటూగా మాత్రమే అంశాలను నిలుపుకోగలదని జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వవేత్త 1956లో ప్రతిపాదించాడు. నెల్సన్ కోవన్ 2001లో ఆ సంఖ్యను ఇంచుమించు నాలుగుకు తగ్గించాడు. బుధవారంనాటి నర్సమ్మ మనస్సులో ఉన్నవి నాలుగా, పద్నాలుగా? ఆమె మరచిపోతే తప్పు పడుతున్నాము గాని, ఇంత గుర్తుంచుకొన్నదే అని ఆశ్చర్యపడడము లేదు.

హోసూరు ప్రాంతంలో దీనికి తోడు మరొక బరువున్నది, అది భాష. తెలుగు, కన్నడం, తమిళం, ఉర్దూ ఒకే వీధిలో వినబడే సీమ ఇది. పారిశ్రామికవాడల వలన హిందీ మాట్లాడే శ్రామికులు కూడ వచ్చి చేరారు. ఒక తెలుగు ముసలమ్మ వచ్చి “వేడి చేసిందమ్మా” అంటుంది. అది జ్వరం కాదు. నోటిపూత కావచ్చు, మూత్రంలో మంట కావచ్చు, కళ్ళమంట కావచ్చు. నర్సమ్మ తరచి తరచి అడిగి, సంగతి గ్రహించి, వైద్యునికి తమిళంలో చెప్పి, కాగితంపై ఇంగ్లీషులో వ్రాసి, మందు వాడే తీరు తిరిగి తెలుగులో బోధపరుస్తుంది. ఏ జాబ్‌చార్టులోనైనా ఈ అనువాదానికి ఒక పంక్తి ఉన్నదా? పొరపాటు జరిగితే మాత్రం బాధ్యత ఆమెదే.

ఇక హృదయభారం మాట. ఉదయం మృతశిశువును కన్న తల్లి పక్కన కూర్చున్న ఆమెయే, అదే పూట మరొక బిడ్డకు నవ్వుతూ సూది వేయవలెను. ఉద్యోగధర్మంగా ముఖభావాన్ని అదుపులో ఉంచుకోవడం కూడ శ్రమయేనని, విమాన పరిచారికలను పరిశీలించి అమెరికన్ సామాజికవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో వ్రాసింది. విమాన ప్రయాణికుడు గమ్యం చేరి దిగిపోతాడు. ఆ తల్లి మాత్రం రేపు కూడ అదే వీధిలో ఎదురవుతుంది.

ఇంగ్లీషులో బర్నౌట్ అని పిలిచే స్థితి, అనగా లోపలి చమురంతా హరించుకుపోయిన స్థితి, శాస్త్రచర్చకు వచ్చినది ఒక ఉచిత వైద్యశాల నుండియే. న్యూయార్కులో అటువంటి చోట సేవచేసిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో దీనిని వర్ణించాడు. క్రిస్టీనా మాస్లాక్, సూసన్ జాక్సన్ 1981లో దీనికి కొలమానం రూపొందించారు. అందులో చూసేవి మూడు: భావోద్వేగాలు ఇంకిపోవడం, ఎదుటి మనిషిని వస్తువుగా చూడడం, తన పనికి విలువ లేదనిపించడం. రెండవదే రోగికి తగిలేది. “నర్సమ్మ కసురుకొన్నది” అన్న ఫిర్యాదు వెనుక గుణదోషం ఉండవచ్చు, కాని అలసట ఉండడమే ఎక్కువ. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో దీనిని వ్యాధిగా కాక, సరిగా నిభాయించని దీర్ఘకాలిక పని ఒత్తిడి వలన కలిగే వృత్తిసంబంధ పరిణామంగా నిర్వచించింది. కావున వెదకవలసినది ఆమె మనోబలంలో లోపాన్ని కాదు, పని అమరికలో లోపాన్ని.

ఇదే కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలో 2021 ఆగస్టు 5న ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకాన్ని ముఖ్యమంత్రి స్టాలిన్ ప్రారంభించారు. రక్తపోటుకు, మధుమేహానికి మాత్రలు ఇంటి ముంగిటికే వస్తున్నాయి. నడవలేని వృద్ధులకు ఇది గొప్ప ఉపకారం. అందులో సందేహం లేదు. అయితే ఆసుపత్రి వరుసలో తగ్గిన బరువులో కొంత, ఇల్లిల్లూ తిరిగే మహిళా కార్యకర్తల తలకెక్కినది. ఎవరి మాత్రలు ఎన్నడు అయిపోతాయో, ఎవరు తెచ్చిన మాత్రలు మింగక గూటిలో పెట్టారో ఆమెయే జ్ఞాపకం ఉంచుకోవలెను.

సిబ్బందికి యోగ శిబిరాలు పెట్టడం మంచిదే, అయితే అంతటితో సరిపుచ్చరాదు. ఒకే సంఖ్యను రెండుచోట్ల వ్రాయించడం మానితే ఒక గంట మిగులుతుంది. మందులు లెక్కించే వేళ పలుకరించరాదన్న నియమానికి ఖర్చే లేదు. సెలవు పెట్టినవారి బదులు మరొకరిని పంపితే, ఆ సెలవు నిజంగా సెలవవుతుంది. మరణం సంభవించిన నాడు పావుగంట కూర్చుని మాట్లాడుకొనే వీలు ఉండవలెను. కష్టం మితిమీరినప్పుడు, 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి మానస్ కేంద్రానికి 14416 నంబరుపై తెలుగులోనే చెప్పుకోవచ్చును. పొరుగున బెంగళూరులోని నిమ్‌హాన్స్ దానికి సమన్వయకర్త.

ఊరివారి వంతు కూడ ఉన్నది. మరునాటి దాకా ఆగగల విషయానికి అర్ధరాత్రి ఫోను చేయకుండుట అందులో మొదటిది. బడి చేయగలిగినది మరొకటి. పై తరగతుల విద్యార్థులు తమ ఇంటి పెద్దలు బాధలు చెప్పుకొనే మాటలను – వేడి చేయడం, నడుము పట్టుకోవడం, కళ్ళు బైర్లు కమ్మడం, తల దిమ్మెక్కడం వంటివి – సేకరించి, వాటికెదురుగా తమిళ, ఇంగ్లీషు మాటలు చేర్చి, వైద్యునికి చూపి సరిదిద్దించి, పెద్ద అక్షరాలతో ఒక అట్టపై వ్రాయవచ్చును. ఆరోగ్యకేంద్రంలో చీట్లు ఇచ్చే బల్లకు పైన, గోడమీద, దానికి చోటు దొరకకపోదు.