బృందగానంలో విభాగ సాధన
(పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్న సాయంకాలం మన పిల్లలు శంకరంబాడి సుందరాచారి గారి తెలుగుతల్లి గీతాన్ని మూడు వరుసలలో పాడగా మీరందరూ విన్నారు. సభ ముగిసిన తరువాత అనేకులు నన్ను చుట్టుముట్టి, ఒకే పాటను మూడు విధాలుగా పాడుతూ పిల్లలు దారి తప్పకుండా ఎట్లా ఉన్నారని అడిగారు. కార్యదర్శి గారు ఆ ప్రశ్ననే నేటి ప్రసంగ విషయంగా నిర్ణయించారు. పాటను గురించి మాట్లాడటం కంటే పాడి చూపటం సులువు. అయినా పెద్దల ఆజ్ఞ శిరోధార్యం.

మన సంప్రదాయ సంగీతం ఒకే రాగధారను ఆశ్రయించి నడిచేది. భజన గోష్ఠిలో నూరుమంది పాడినా నూరుమందీ పలికేది ఒకే వరుస. ఒకరు షడ్జమాన్ని, మరొకరు గాంధారాన్ని, వేరొకరు పంచమాన్ని ఏకకాలంలో పలికి మూడింటినీ ఒక్క నాదంగా వినిపించే పద్ధతి, హార్మనీ అనేది, మనకు పడమటి దేశాలనుండి వచ్చింది. అయితే అది ఈ నగరానికి కొత్త కాదు. చిత్తూరులో 1925లో జన్మించిన ఎం.బి. శ్రీనివాసన్ గారు 1970 దశకం ఆరంభంలో ఇక్కడ మద్రాస్ యూత్ కోయిర్‌ను స్థాపించి, భారతీయ భాషలెన్నింటిలోనో పాటలను ఈ పద్ధతిలో పాడించారు. అంతకు ముందే 1950 దశకంలో సలిల్ చౌధురి గారు బొంబాయిలో, 1958లో రుమా గుహ ఠాకుర్తా గారు కలకత్తాలో ఇటువంటి బృందాలను నెలకొల్పి ఉన్నారు. శ్రీనివాసన్ గారు 1988లో కన్నుమూశారు. ఆయన వేసిన బాట మాత్రం మిగిలింది.

ఇక సాధన సంగతి. తొమ్మిదవ తరగతి గది, సంగీతం గది, మెట్ల కింది వరండా: ఈ మూడూ మా మూడు విభాగాలకు స్థానాలు. గంటన్నర సాధనలో మొదటి పది నిమిషాలు అందరూ కలిసి శ్రుతి పట్టేవారు. తరువాత ముప్పై అయిదు నిమిషాలు ఎవరి గదిలో వారు. మిగిలిన సమయమంతా మరల కలిసి. కొందరు నిర్వాహకులు వారాల తరబడి విడివిడిగానే పాడించి, తప్పులన్నీ తీరిన తరువాత కలుపుదామని చూస్తారు. నా అనుభవంలో అది పొరపాటు. తన వరుస ఒక్కటే కంఠస్థం చేసిన పిల్ల, పక్కన వేరే స్వరం వినబడగానే బెదిరి పై వరుసలోకి జారుకుంటుంది. సగం వచ్చిన నాడే కలపాలి. తన గాంధారం ఎవరి షడ్జమం మీద నిలుస్తున్నదో ఆమె చెవికి తెలియాలి. ఆ తరువాత మళ్లీ గదికి పంపితే ఆమె చేసే సాధన వేరుగా ఉంటుంది.

కలపటంలోనూ క్రమం ఉన్నది. ముందు పై వరుసను, కింది వరుసను కలిపేవాణ్ణి. ఆ రెండింటి నడుమ ఖాళీ ఏర్పడిన తరువాతనే మధ్య వరుసకు ప్రవేశం. మధ్య వరుస అందరికన్నా కష్టమైనది. దానికి పాటలోని అందమైన వరుస దక్కదు, చప్పట్లూ దక్కవు. అందువలన మంచి చెవి గల పిల్లలను అక్కడ ఉంచేవాణ్ణి. విభాగ నాయకత్వం కూడా మంచి గొంతు గలవారికి కాక మంచి చెవి గలవారికే ఇచ్చాను. గొంతు గలవారు తామే పాడేస్తారు. మిగిలినవారు వారి వెనుక దాగుకుంటారు. నాయకురాలు పాడి చూపాలి, ఆపై మౌనంగా వినాలి. "ఇంకొకసారి" అనే ముందు దేనికోసం ఇంకొకసారో ఒక్క వాక్యంలో చెప్పాలి. ఈ నియమాన్ని నేనే ఎక్కువసార్లు తప్పాను.

పాటను చివరి చరణంనుండి వెనుకకు నేర్పాము. మొదటినుండి నేర్పితే ఆరంభం వందసార్లు పాడతారు, ముగింపు పదిసార్లు పాడతారు. సభలో ముగింపు దగ్గర కాళ్లు వణికేది అందుకే.

శ్రుతి విషయంలో హార్మోనియాన్ని పక్కన పెట్టించాను. తంబూరాను చక్కగా శ్రుతి చేసి మీటితే, మనం మీటని అంతరగాంధారం దానంతట అదే వినిపిస్తుంది. పెద్దలు దానిని స్వయంభూ స్వరమన్నారు. హార్మోనియం మెట్టు మీది గాంధారం దానికంటె కొంచెం ఎక్కువ. ఒక అర్ధస్వరాన్ని నూరు భాగాలు చేస్తే సుమారు పద్నాలుగు భాగాల తేడా. ఒక్కరు పాడితే ఆ తేడా తెలియదు. మూడు వరుసలు కలిసినపుడు నాదంలో కరకు తెలుస్తుంది. మధ్య వరుసవారిని తంబూరా చుట్టూ కూర్చోబెట్టి, ఆ గాంధారం వినబడేవరకు నోరు తెరవవద్దన్నాను. మొదటి రోజు పావుగంట పట్టింది. కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న ఇద్దరు బాలికలకు మరొక చిక్కు వచ్చింది; వారికి స్వరాన్ని కదిలించకుండా నిలపటం అలవాటు లేదు. గమకం మన సంగీతానికి ప్రాణం, కాని ఇక్కడ అది పక్కవారి స్వరాన్ని తొక్కుతుంది. ఆ మాట వారికి నచ్చజెప్పటానికి వారి గురువుగారి అనుమతి తీసుకోవలసి వచ్చింది.

మరొకటి, మన ఊరికి ప్రత్యేకమైనది. తెలుగు మాటలు అచ్చులతో ముగుస్తాయి గనుక బృందగానానికి అనువైన భాష మనది. కాని చుట్టూ తమిళం వింటూ పెరిగిన మన పిల్లలు మాట చివరి ఉకారాన్ని సగమే పలుకుతారు. పెదవులు గుండ్రంగా చుట్టినవారు పదిమంది, చుట్టనివారు పదిమంది అయితే ఒకే స్వరం రెండుగా వినబడుతుంది. విభాగ సాధనలో ఉకారానికే ఒక రోజు కేటాయించాము. పక్క గదిలోని లెక్కల మాస్టారు ఆ రోజును ఇంకా మరచిపోలేదు.

ఇప్పుడు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. ఇరవై ఏళ్ల క్రితం వార్షికోత్సవానికి నేను పాట నేర్పుతున్న రోజులు. ఎనిమిదవ తరగతి బాలునికి గొంతు మారుతున్నది. పాట మధ్యలో స్వరం విరిగిపోయేది. విభాగాలు లేవు, అందరికీ ఒకే వరుస. "నువ్వు పెదవులు కదుపు నాయనా, చాలు" అన్నాను. అతడు చెప్పినట్లే చేశాడు. చాలా ఏళ్లకు ఒక పెళ్లిలో కలిసి, నవ్వుతూనే, "మాస్టారూ, మా ఇంట్లో హారతి పాటకు కూడా నేను ఇప్పటికీ పెదవులే కదుపుతానండి" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

గొంతు మారే వయసులో మగపిల్లలకు నాలుగైదు స్వరాలే నిలకడగా పలుకుతాయి. ఆ నాలుగైదింటితో ఒక వరుస కూర్చటం కష్టమేమీ కాదు. ఈసారి మెట్ల కింది వరండాలో సాధన చేసిన పదకొండుమందిని ఒక్కొక్కరిని పిలిచి, ఎవరికి ఏ స్వరాలు పలుకుతున్నవో రాసుకుని, ఆ తరువాతనే కింది వరుసను రాశాను. మార్పు ఆగదు గనుక నెలకొకసారి తిరిగి రాయవలసి వచ్చింది. నిన్న మీరు విన్నది నాలుగవ ప్రతి. అందులో పెదవులు మాత్రమే కదిపినవారు ఒక్కరూ లేరు.

వచ్చే నెలనుండి పూర్వ విద్యార్థుల బృందానికి కూడా శనివారం సాయంకాలాలలో సాధన ప్రారంభిస్తున్నాము. ఆడవారి పేర్లు ఇప్పటికే చాలా వచ్చాయి. కింది వరుసకు మనుషులు చాలలేదు. నేను చెప్పిన ఆ పూర్వ విద్యార్థి ఈ సభలో ఎక్కడ కూర్చున్నాడో నాకు కనబడుతూనే ఉన్నది. పేర్లు రాసుకునే పుస్తకం సంగీతం గదిలో కిటికీ పక్క బల్ల మీద ఉన్నది.