పెరటికి పచ్చని దడి
(రామచంద్రపురమున గ్రామపంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



రోడ్లు, మంచినీరు, వీధిదీపములు మొదలగు పెద్ద విషయములను చర్చించుటకు వచ్చిన మీ ముందు పెరటి దడిని గూర్చి మాటలాడుట చిన్న సంగతిగా తోచవచ్చును. కాని పంచాయతీకి వచ్చు తగవులలో హద్దు తగవు ఎంత పాతదో మీకు తెలియును. నాలుగు కొమ్మలు అవతలికి వంగిన కారణమున ఇరుగుపొరుగుల మధ్య మాటలు నిలిచిపోయిన ఇండ్లు ఏ గ్రామమునను లేకపోలేదు.

నా తప్పు ఒకటి ముందుగా చెప్పెదను. పది సంవత్సరముల క్రిందట మా ఇంటి ముందు సీమచింత గింజలు వరుసగా నాటితిని. త్వరగా ఎదుగును, ముండ్లుండును, పశువులు లోపలికి రావు అని నా లెక్క. రెండేండ్లు శ్రద్ధగా కత్తిరించితిని. పిమ్మట ఉద్యోగపు తిరుగుళ్లలో దాని మాట మరచితిని. నాలుగవ ఏట వానాకాలమున ఒక రాత్రి మా ఎదురింటి పెద్దమ్మగారికి ఆయాసము హెచ్చినది. పిలిచిన వెంటనే 108 వాహనము వచ్చినది గాని, రెండు వైపుల నుండి కమ్ముకొనిన ముండ్ల కొమ్మల మధ్య మా వీధిలోనికి రాలేకపోయినది. ఆమెను నులకమంచముపై పరుండబెట్టి, వానలో తడియుచు, పెద్దరోడ్డు వరకు మోసికొని పోయితిమి. దైవకృప వలన ఆమె బ్రతికినది. మరునాడు నేనే కత్తి పట్టితిని.

కంచే చేను మేసినట్లని మన పెద్దలు చెప్పుదురు. మా కంచె వీధినే మేసినది. ఇందు సీమచింత దోషము లేదు. చేని గట్టున అది మంచి కంచె. దాని కాయలు పిల్లలకు ప్రీతి. ఐదేండ్లకు అది ఎంతటిదగునో యోచింపక ఇరుకు వీధిలో నాటుట, నాటిన పిదప విడిచిపెట్టుట నా దోషములు. కావున నేడు నేను చెప్పదలచినది ఒక్కటే: దడి మనదే అయినను దాని కొమ్మ వీధిలోనికి పోవును, దాని వేరు పొరుగువాని భూమిలోనికి పోవును. ఎంత దడిని ఏటేట కత్తిరింపగలమో అంత దడినే నాటవలెను.

మొదట మన నేలను చూడవలెను. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటి నుండి ఈ డెల్టా కాలువలతో, బోదెలతో పచ్చబడినది. ఇచట నీటికి కొరత కంటె నీరు నిలుచుట వలననే మొక్కలకు కీడు హెచ్చు. బరువైన ఒండ్రు నేలలో వర్షాకాలమున నీరు నిలిచినచో లేత వేళ్లు కుళ్లును. కావున దడి వేయదలచిన చోట జానెడు ఎత్తున గట్టు పోసి, దానిపై నాటుట మేలు. ఆ గట్టును హద్దుకు సరిగా గాక, రెండడుగులు లోపలికి వేయవలెను. అప్పుడు దడి వెలుపలి వైపును గూడ మన స్థలములోనే నిలిచి కత్తిరించుకొనవచ్చును. ఆ రెండడుగులు నష్టమని కొందరు తలంతురు. హద్దు తగవులో తిరిగిన రోజుల ఖర్చుతో పోల్చిన అది నష్టము కాదు.

ఇక మొక్కల మాట. పశువులను ఆపుటయే మన అవసరమైనచో వాక్కాయ శ్రేష్ఠము. మొదటి రెండేండ్లు నెమ్మదిగా పెరుగును. పిదప దాని ముండ్ల దడిలో మేక కూడ దూరదు. కాయ పప్పునకు, పచ్చడికి పనికివచ్చును. తడి నేలకు, బోదె ఒడ్డునకు వావిలి తగినది. పశువులు దానిని మేయవు. దాని ఆకు ధాన్యపు గాదెలలో పురుగు పట్టకుండ వేయుట, బాలింతల స్నానపు నీటిలో కాచుట మన ఇండ్లలో ఎరిగినదే. అడ్డసరమును గూడ పశువులు ముట్టవు. వీధి వైపు చూపునకు, పూజ పూలకు మందార, నందివర్ధనము చాలును. గోరింట కత్తిరింపునకు బాగుగా ఓర్చుకొనును గాని నిలువ నీటికి ఓర్వదు; గట్టు ఎత్తుగా నున్నచోటనే నాటవలెను. దొడ్డి చుట్టును గైరిసీడియా కొమ్మలు పాతినచో ప్రతి కత్తిరింపును పచ్చిరొట్ట ఎరువగును.

విడువవలసినవి కూడ గలవు. పచ్చగన్నేరు గింజ గుండెకు విషము. నేపాళపు గింజలు తిన్న పిల్లలకు వాంతులు, విరేచనములు పట్టును. పాలుగారు కాడజెముడు పాలు కంటబడిన ప్రమాదము. పిల్లలు తిరుగు ఇంటి చుట్టును, బడి చుట్టును ఇవి తగవు. త్వరగా పచ్చబడునని ఇటీవల పలుచోట్ల నాటిన కోనోకార్పస్ అను విదేశీ మొక్కను వేళ్ల వలన గొట్టములకు, మురుగుకాలువలకు కలుగు నష్టమును, పుప్పొడి వలన కలుగు బాధలను దృష్టిలో నుంచుకొని గుజరాత్ ప్రభుత్వము 2023లో నిషేధించినది. త్వరగా ఎదుగునది త్వరగానే భారమగునని దీని వలన గ్రహింపవలెను. మన చేరువనే కడియము, కడియపులంక నర్సరీలు గలవు. అచటికి పోయినపుడు "ఏది త్వరగా పెరుగును?" అని గాక, "ఐదేండ్లకు ఇది ఎంతగును?" అని అడుగుడు.

నాటుటకు తొలకరి మంచి కాలము. గట్టుపై అడుగు వెడల్పు, అడుగు లోతున చాలు తీసి, చివికిన పశువుల ఎరువు, కొంచెము వేపపిండి మట్టిలో కలుపవలెను. మందార, అడ్డసరము, వావిలి కొమ్మలను వ్రేలి లావున, జానెడున్నర పొడవున కోసి, రెండు కణుపులు మట్టిలో నుండునట్లు, అడుగున కొకటి చొప్పున రెండు వరుసలలో ఒకదాని సందున ఒకటి వచ్చునట్లు నాటవలెను. వాక్కాయ నారుకు రెండు మూడడుగుల ఎడముండవలెను.

చాలమంది చేయు పొరపాటు ఇచటనే గలదు. మొక్క ఎదుగుచున్నదని సంతోషించి మొదటి ఏడు కత్తి పెట్టరు. అట్లు చేసినచో పైన గుబురు, క్రింద సందులు మిగులును. కోళ్లు, కుక్కలు ఆ సందుల నుండియే వచ్చును. మొక్క మూరెడు కాగానే తల త్రుంచవలెను. అప్పుడు మొదట నుండి కొమ్మలు వచ్చును. దడి అడుగున వెడల్పుగను, పైన సన్నముగను ఉండునట్లు కత్తిరించినచో ఎండ క్రింది ఆకులకు గూడ తగులును. మందారకు పిండినల్లి పట్టినచో ఆ కొమ్మలను కోసి తొలగించి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెము సబ్బునీరు కలిపి చల్లవలెను. దడి మొదట ఆకు, చెత్త పేరుకొననీయరాదు. అది పాములకు, ఎలుకలకు తావగును. రాలిన ఆకు మురుగుకాలువలో పడి నీరు నిలిచిన దోమలు పెరుగును. ఆ దోమలు ఒక్క ఇంటినే కుట్టవు గదా!

1996 నవంబరులో కోనసీమను తాకిన తుఫానులో కొబ్బరి చెట్లు అసంఖ్యాకముగా కూలిన సంగతి మీలో పెద్దలు మరచియుండరు. విద్యుత్తు తీగల క్రింద దడి మొక్కలను చెట్లుగా ఎదుగనిచ్చుట తుఫాను సీమలో తగదు.

పంచాయతీ చేయదగినది ఏమి? గ్రామ రహదారుల ఆక్రమణలను తొలగించు బాధ్యత పంచాయతీదే. కాని నోటీసు కంటె మాట ముందుండవలెను. వీధి మలుపులలో దడి మూడడుగులకు, ఇతర చోట్ల నిలువెత్తుకు మించరాదని గ్రామసభలో అందరి సమ్మతితో నిర్ణయించుకొనవచ్చును. వానలకు ముందొకసారి, వానలు వెలసిన పిదప ఒకసారి, ఊరంతటికి ఒక కత్తిరింపు దినము పెట్టుకొనవచ్చును. వృద్ధులు, ఒంటరి స్త్రీలు ఉన్న ఇండ్ల దడిని వీధివారే కత్తిరించి పెట్టవలెను. కత్తిరించిన రొట్టను తగులబెట్టక ఎరువుగుంటలో వేయవలెను.

ఇన్ని చెప్పి, ముందుగా పంచాయతీ కార్యాలయపు దడి, పిదప సర్పంచి గారి దడి, సభ్యుల ఇండ్ల దడులు చూడవలసియున్నది. అవి వీధిలోనికి చాచియున్నచో మన మాట ఎవరును వినరు. కత్తెర మన ఇంటి వద్దనే మొదలుపెట్టుదము. ఏ రాత్రి ఎవరికి ఆపద వచ్చినను వాహనము గుమ్మము వరకు రాగల వీధి మన గ్రామమున ఉండవలెను. వచ్చు ఆషాఢమున గోరింటాకు కొరకు పొరుగింటి ఆడపిల్లలు మన దడి వద్దకు నవ్వుచు రావలెను. అట్టి దడియే పెరటికి అందము, పొరుగునకు నెమ్మది.