ఆయిల్ రేటు పడితే మనోళ్ల జీతం ఎందుకు ఆగుతుంది?

ఇవాళ టాపిక్ సౌదీ.

అంత ఆయిల్ ఉన్న దేశానికి పైసల కొరత ఏంటి అంటారా? మన దగ్గర మిర్చి ఒక్కటే వేసిన రైతును చూడండి. ఎనుమాముల మార్కెట్‌లో రేటు పడితే ఆ ఏడాది ఇల్లంతా ఇబ్బందే. సౌదీదీ అదే కథ. 2014 మధ్యలో బ్యారెల్ 100 డాలర్ల పైన ఉండేది, 2016 జనవరికి 30 కిందకి పడిపోయింది. 2015 ఒక్క ఏడాది బడ్జెట్ లోటే దాదాపు 98 బిలియన్ డాలర్లు!

సర్కారు నుంచి కాంట్రాక్టర్లకు బిల్లులు రావడం లేటయింది. వాళ్లు జీతాలు ఆపారు. 2016లో వేలమంది భారతీయ కార్మికులు క్యాంపుల్లో ఇరుక్కుపోయారు.

అదే ఏడాది 'విజన్ 2030' ప్రకటించారు, ఆయిల్ ఒక్కదాని మీదే బతకొద్దని. ఆలోచన మంచిదే. మరి భారం ఎవరి మీద పడింది? 2017 జులై నుంచి విదేశీ ఉద్యోగుల భార్యాపిల్లలకు, తలకు నెలకు 100 రియాల్స్ ఫీజు. ఏటా పెంచుతూ 400 దాకా తెచ్చారు. 2018లో వ్యాట్ 5 శాతం, 2020 జులైలో ఏకంగా 15.

జగిత్యాల అయినా, సిరిసిల్ల అయినా, మన నర్సంపేట అయినా, గల్ఫ్ పోదామనుకునే అన్నలూ తమ్ముళ్లూ, జీతం ఎంత అని మాత్రమే అడగకండి. కంపెనీ పని సర్కారు బిల్లుల మీదే నడుస్తుందా అని కూడా అడగండి. ఏజెంట్‌కు లైసెన్స్ ఉందో లేదో 'ఈమైగ్రేట్' సైట్‌లో చూసుకున్నాకే పాస్‌పోర్ట్ చేతికివ్వండి.

మీ ఇంట్లో ఎవరైనా బయల్దేరుతుంటే ఈ వీడియో వాళ్లకు పంపండి. ఉంటా మరి.