స్ప్రేవాల్డ్‌లో ఒక రోజు: పడవ, పాత పల్లెలు, రెండు భాషల బోర్డులు

ఎపిసోడ్ వినే తీరిక లేనివాళ్ళ కోసం, విన్నాక ఊళ్ళ పేర్లు మళ్ళీ చూసుకుందాం అనుకునేవాళ్ళ కోసం, మాట్లాడిందంతా ఇక్కడ రాసి పెడుతున్నాను. మాట్లాడినట్టే ఉంచాను, అక్కడక్కడా కాస్త సర్దానంతే.

జర్మనీలో పాత పల్లెలు చూద్దాం అనగానే మనవాళ్ళు రోథెన్‌బుర్గ్ అంటారు, లేదా బ్లాక్ ఫారెస్ట్ అంటారు. బాగుంటాయి, కాదనను. కానీ బెర్లిన్‌లో ఉన్నవాళ్ళకి అవి ఒక్కరోజులో తెమిలే పనులు కావు. అందుకే పోయిన వేసవిలో మేం ఐదు కుటుంబాల వాళ్ళం కలిసి స్ప్రేవాల్డ్ వెళ్ళాం. బెర్లిన్‌కి ఆగ్నేయంగా దాదాపు వంద కిలోమీటర్లు. కాట్‌బుస్ వైపు వెళ్ళే ఆర్ఈ2 రైలెక్కితే ఇంచుమించు గంటలో ల్యుబెనావ్‌లో దిగొచ్చు. డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటే వేరే టికెట్ అక్కర్లేదు.

స్ప్రే అంటే బెర్లిన్ మధ్యలోంచి పారే నదే. బెర్లిన్‌కి చేరకముందు ఇక్కడ అది వందలాది పాయలుగా చీలిపోతుంది. గోదావరి కోనసీమలోకి వచ్చేసరికి ఎలా విడిపోతుందో అలాగన్నమాట, కాకపోతే ఇక్కడ దగ్గర్లో సముద్రం ఉండదు. పాయల మధ్య లంకలు, లంకల మీద ఇళ్ళు. 1991 నుంచి ఇది యునెస్కో గుర్తించిన జీవావరణ ప్రాంతం.

ల్యుబెనావ్‌లో ఊరి బోర్డు చూడగానే మా గుంపులో ఒక పిల్ల అడిగింది, "ఒకే ఊరికి రెండు పేర్లెందుకు?" అని. పైన జర్మన్‌లో ల్యుబెనావ్, కింద లుబ్‌న్యోవ్. ఆ రెండోది సోర్బియన్ భాష. సోర్బులు స్లావ్ జాతివాళ్ళు. దాదాపు 6వ శతాబ్దంలో ఈ వైపు వచ్చి స్థిరపడ్డారు. చుట్టూ అంతా జర్మన్ అయిపోయినా, లౌసిట్స్ అనే ఈ ప్రాంతంలో మాత్రం వాళ్ళ భాష ఇప్పటిదాకా నిలిచింది. మొత్తం సోర్బులు 60 వేల మంది అని అంటుంటారు. బౌట్సెన్ వైపు ఎగువ సోర్బియన్, కాట్‌బుస్ వైపు దిగువ సోర్బియన్. మేం వెళ్ళింది దిగువ సోర్బియన్ నేల మీదికి.

రేవులో పడవ మాట్లాడుకున్నాం. అడుగు చదునుగా ఉండే పొడవాటి పడవ, మధ్యలో బల్లలు. పడవాయన వెనకాల నిలబడి పొడవాటి గడకర్రతో నెడుతుంటాడు. ఇంజను చప్పుడు లేదు. నీళ్ళ శబ్దం, బాతులు, మన పిల్లల గోల, అంతే. మాకు ఆయనే గైడు కూడా. జర్మన్‌లో చెప్తుంటే మేం పిల్లలకి తెలుగు చేసి చెప్పాం. నిజం చెప్పాలంటే సగం సార్లు పిల్లలే మాకు తెలుగు చేసి చెప్పారు.

మొదట వచ్చే పల్లె లేడె. 1929 దాకా ఈ ఊరికి రోడ్డు లేదు. పెళ్ళయినా చావయినా, ఆవుని అమ్మాలన్నా పిల్లాణ్ణి బడికి పంపాలన్నా పడవే గతి. ఇప్పటికీ వేసవి నెలల్లో ఉత్తరాలు పడవ మీదే వస్తాయి. ఆ పడవ పోస్టు మొదలైంది 1897లో. తియోడోర్ ఫోంటానె అనే జర్మన్ రచయిత 1859లో ఈ వైపు వచ్చి, లేడెని వెనిస్‌తో పోల్చి రాశాడు. అప్పట్నుంచి బెర్లిన్ జనం రావడం ఎక్కువైంది.

ఇళ్ళన్నీ దుంగలు పేర్చి కట్టినవి, పైన రెల్లు కప్పు. ప్రతి పాత ఇంటి కప్పు కొసన రెండు చెక్కపాములు అడ్డంగా పెనవేసుకుని, పడగలెత్తినట్టు ఉంటాయి. ఇంటిని కాపాడేది పామే అని ఇక్కడివాళ్ళ నమ్మకం. కిరీటం పెట్టుకున్న నాగరాజు కథ కూడా ఉంది వీళ్ళకి. అనంతపురం నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక అత్తయ్యగారు మాతో ఉన్నారు. ఆవిడ ఆ పాముల్ని చూసి పడవలోంచే దణ్ణం పెట్టారు. పడవాయన నవ్వలేదు. టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

లేడెలో ఆరుబయట మ్యూజియం ఉంది, 1957లో తెరిచారు. పాత ఇళ్ళు, పొయ్యిలు, బట్టలు, పనిముట్లు అన్నీ చూడొచ్చు. భోజనానికి ఉడకబెట్టిన బంగాళాదుంపలు, క్వార్క్ అనే గట్టి పెరుగులాంటిది, దాని మీద అవిసె నూనె. శాకాహారులకి దిగుల్లేదు. ఇక స్ప్రేవాల్డ్ దోసకాయ ఊరగాయ సంగతి చెప్పక్కర్లేదు. ఆ పేరుకి 1999 నుంచి యూరప్‌లో భౌగోళిక గుర్తింపు ఉంది. మన తిరుపతి లడ్డుకి అలాంటి గుర్తింపు 2009లో వచ్చింది.

అవిసె అన్నాను కదా, పడవాయన చెప్పిన కథ అక్కడే మొదలైంది. మిట్టమధ్యాహ్నం పొలంలో పని ఆపకుండా ఉన్నవాళ్ళ దగ్గరికి కొడవలి పట్టుకుని ఒక ఆడమనిషి వస్తుందట. మధ్యాహ్నపు అమ్మ అనుకోండి. వచ్చి, "అవిసె గురించి చెప్పు" అంటుంది. విత్తడం, కోయడం, నార తీయడం, వడకడం, నేయడం, ఇలా గంటసేపు ఆపకుండా చెప్పగలిగితే బతికిపోతారు. మాట ఆగిందా, మెడ తెగిందే. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు.

అప్పుడు మాలో ఒకరు అడిగారు, "మీరు ఆ కథ సోర్బియన్‌లో చెప్పగలరా?" అని. ఆయన తల అడ్డంగా ఊపాడు. వాళ్ళ నాయనమ్మ ఆ భాషలోనే మాట్లాడేదట. తండ్రికి అర్థమయ్యేది. ఈయనకి లెక్కలు, పలకరింపులు, రెండు పాటలు వచ్చు.

ఒక భాష మూడు తరాల్లో ఇలా ఎందుకైపోయింది? కారణాలు చాలా ఉన్నాయి. సోర్బుల సంఘాల సమాఖ్య దొమొవీనా 1912లో పుట్టింది. 1937లో నాజీలు దాని నోరు మూయించారు. సోర్బియన్ పంతుళ్ళని, పాస్టర్లని దూరప్రాంతాలకి బదిలీ చేశారు. యుద్ధం తర్వాత చట్టం రక్షణ ఇచ్చింది, కాట్‌బుస్‌లో 1952లో సోర్బియన్ హైస్కూలు కూడా వచ్చింది. కానీ అదే కాలంలో నేల కింద లిగ్నైట్ బొగ్గు కోసం పల్లెల్ని తవ్వేశారు. లౌసిట్స్‌లో 1920ల నుంచి 130కి పైగా ఊళ్ళు పూర్తిగానో కొంతగానో గనుల్లో కలిసిపోయాయి. హోర్నో అనే ఊరివాళ్ళు స్ట్రాస్‌బుర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్ళారు, గెలవలేదు. 2004 నవంబరులో ఆ ఊరి చర్చిని పేల్చేశారు. ఊరివాళ్ళకి ఫోర్స్ట్ పట్టణం పక్కన కొత్త హోర్నో కట్టిచ్చారు. మాయమైన ఊళ్ళ జ్ఞాపకాలు దాచే కేంద్రం ఇప్పుడు అక్కడే ఉంది.

ఇది విన్నప్పుడు శ్రీశైలం జలాశయం గుర్తుకు రాని తెలుగువాళ్ళు ఉంటారా? కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో నిలబెట్టగలిగాం. చెదిరిపోయిన ఊరి మనుషుల్ని అలా పేర్చలేకపోయాం. పోలవరం కింద కోయ గూడేలు ఇప్పుడు అదే దారిలో ఉన్నాయి. ఊరు పోతే ఇల్లు ఇంకోచోట కట్టొచ్చు. పక్కింటివాళ్ళు తలో దిక్కూ అయిపోతే మాత్రం, ఆ మాట ఎవరితో మాట్లాడాలి?

సోర్బులు ఊరుకోలేదు లెండి. 1998లో కాట్‌బుస్ దగ్గర జీలోలో విటాయ్ పేరుతో ఒక పని మొదలుపెట్టారు. విటాయ్ అంటే స్వాగతం. కిండర్‌గార్టెన్‌లో టీచర్లు పిల్లలతో సోర్బియన్‌లోనే మాట్లాడతారు. భాషని పాఠంలా చెప్పరు. తినేటప్పుడు, ఆడేటప్పుడు, చెప్పులు వేసుకునేటప్పుడు అదే భాష. అమ్మానాన్నలకి రాకపోయినా పిల్లలకి వస్తుంది.

ఇక మన సంగతి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇండియాలోనే తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 8 కోట్ల పైన. తెలుగు చచ్చిపోతుందని ఏడవడం అనవసరం. కానీ బెర్లిన్‌లో మూడో అంతస్తులో ఉన్న మన ఇంట్లో అది పోవడానికి మూడు తరాలు కూడా పట్టదు. "తినేసెయ్, పడుకో, ఫోన్ పక్కన పెట్టు", మనం పిల్లలతో మాట్లాడే తెలుగు చాలాసార్లు ఈ మూడు మాటలే. వాటితో మధ్యాహ్నపు అమ్మ దగ్గర గంటసేపు ఎలా నెట్టుకొస్తారు చెప్పండి?

తిరుగు రైల్లో పిల్లలే ఆ ఆట మొదలుపెట్టారు. ఒక్కో మనిషి ఒక్క విషయం మీద తెలుగులో ఆపకుండా మాట్లాడాలి. ఒక కుర్రాడు ఫుట్‌బాల్ మీద రెండు నిమిషాలు నిలబడ్డాడు. ఒకమ్మాయి ఇడ్లీపిండి మీద నాలుగు నిమిషాలు. తర్వాత అత్తయ్యగారు వేరుశనగ అందుకున్నారు. గొర్రుతో విత్తడం, గుంటక తోలడం, ఊడలు దిగడం, వాన రాక ఆకాశం వైపు చూడడం. "ఊడ అంటే ఏంటి అవ్వా?" అని పిల్లలు మధ్యలో అడుగుతూనే ఉన్నారు. బెర్లిన్ వచ్చేసింది, ఆవిడ ఇంకా కాయలు ఆరబెట్టేదాకా కూడా రాలేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి నాలుగు ముక్కలు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా మంచి కాలం. శని, ఆదివారాలు రేవులో జనం ఎక్కువ, పొద్దున్నే వెళ్ళండి. లేడె దాకా పోయి రావడానికి రెండు మూడు గంటల పడవ చాలు, నడిచి వెళ్ళే దారి కూడా ఉంది. దోమల క్రీము మర్చిపోవద్దు. చేతిలో కొంచెం నగదు ఉంచుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఇండియా నుంచి వచ్చి ఉంటే వాళ్ళని తప్పకుండా తీసుకెళ్ళండి. వాళ్ళకి తెలిసిన పంట ఏదో ఒకటి ఉంటుంది, అడగండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.