సిగ్గుతో దాచుకునే బాధ

సకల ప్రశంసలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన ప్రవక్త ముహమ్మద్ (స)పై శాంతి, శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా! మొదటి వరుసలో నిలబడే మన పెద్దలలో కొందరు క్రమంగా వెనుక వరుసకు, ఆపై తలుపు దగ్గరకు జరుగుతారు. కొన్నాళ్లకు మస్జిదుకు రావడమే మానేస్తారు. అడిగితే మోకాళ్ల నొప్పులంటారు. కానీ కొందరి విషయంలో అసలు కారణం వేరు. వుజూ చేసి లేచేలోగా మూత్రపు చుక్కలు పడతాయి. దుస్తులు అపవిత్రమయ్యాయేమోనన్న భయం, ఎవరికీ చెప్పుకోలేని సిగ్గు వారిని జమాఅతుకు దూరం చేస్తాయి.

ఈ బాధ ఏమిటో తెలుసుకుందాం. పురుషులలో మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ప్రోస్టేట్ అనే గ్రంథి ఉంటుంది. 50 ఏళ్లు దాటాక చాలామందిలో అది పెరిగి నాళాన్ని నొక్కుతుంది. ధార సన్నబడుతుంది. రాత్రి పలుమార్లు లేవవలసి వస్తుంది. వెళ్లివచ్చినా ఇంకా మిగిలి ఉన్నట్లే అనిపిస్తుంది. వయసుతో వచ్చే ఈ పెరుగుదల క్యాన్సర్ కాదు. అయితే క్యాన్సర్, మధుమేహం, ఇన్ఫెక్షన్ కూడా ఇటువంటి లక్షణాలనే చూపవచ్చు కనుక పరీక్ష అవసరం. చాలామందికి మందులతోనే ఉపశమనం లభిస్తుంది. కొందరికి శస్త్రచికిత్స కావాలి. మూత్రంలో రక్తం కనిపించినా, జ్వరంతో మంట వచ్చినా జాప్యం చేయరాదు. మూత్రం పూర్తిగా ఆగిపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. భయపడి నీళ్లు మానేయడం హానికరం; పడుకునే ముందు తగ్గిస్తే చాలు.

చికిత్స చేయించుకోవడం అల్లాహ్‌పై నమ్మకానికి విరుద్ధం కాదు. వైద్యం చేయించుకోమని ప్రవక్త (స) స్వయంగా ఆదేశించారు. లజ్జ విశ్వాసంలో భాగమే. కానీ వైద్యుని ఎదుట వ్యాధిని దాచడం లజ్జ అనిపించుకోదు.

మూత్రపు తుంపరల విషయంలో జాగ్రత్త వహించాలన్న హెచ్చరిక నిజమే. అయితే వ్యాధిగ్రస్తునికి ధర్మం వెసులుబాటు కూడా ఇచ్చింది. ఒక నమాజు వేళ మొత్తంలో వుజూ చేసి ఫర్జ్ నెరవేర్చేంత విరామం కూడా దొరకని వ్యక్తిని హనఫీ పండితులు 'మాజూర్'గా పరిగణిస్తారు. అతడు ప్రతి నమాజు వేళకు ఒకసారి వుజూ చేసుకోవాలి. ఆ వేళ ముగిసేవరకు ఆ చుక్కల వల్ల వుజూ భంగం కాదు. కొద్దిసేపటికి చుక్కలు ఆగిపోయేవారు మాత్రం, ఆగిన తర్వాతే వుజూ చేయాలి. మీ పరిస్థితి ఏదో ఆలిముతో ఏకాంతంగా చెప్పి తెలుసుకోండి.

యువకులారా! ఒక పల్లెవాసి మస్జిదులోనే మూత్రానికి కూర్చున్నప్పుడు సహాబాలు అతణ్ణి అడ్డుకోబోయారు. ప్రవక్త (స) వారిని ఆపి, అతణ్ణి పూర్తి చేసుకోనిచ్చి, తర్వాత ఆ చోట నీళ్లు పోయించారు. తెలియక తప్పు చేసినవాని పట్లే అంత కరుణ చూపితే, వ్యాధితో బాధపడే తండ్రి పట్ల మనమెలా ఉండాలి? మరుగుదొడ్డిలో ఆలస్యమైతే తలుపు తట్టకండి. పక్కబట్టలు తడిస్తే విసుక్కోకండి. "అబ్బా, రేపు డాక్టరు దగ్గరకు వెళ్దాం, నేనూ వస్తాను" అని మీరే అనండి. ఆ మాట కోసం ఆయన ఎన్ని నెలలుగా ఎదురుచూస్తున్నారో!

అల్లాహ్ మన పెద్దలకు స్వస్థత ప్రసాదించి, వారిని తిరిగి మన వరుసలలో నిలబెట్టుగాక! ఆమీన్.