బాలుర మనస్సంయమము
(మన సంఘ వార్షిక మహాసభలో జేసిన యుపన్యాసము)

  

ఈ సభయందు మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను గోరినప్పుడు సంస్కృతమును గూర్చి చెప్పుదునని వారనుకొనియుందురు. ముప్పదియైదు సంవత్సరములు బడిపంతులుగా నుండి విశ్రాంతి గొన్న నాకు సంస్కృతముకంటె పిల్లలే యెక్కువ తెలియుదురు. కావున పిల్లలను గూర్చియే చెప్పెదను. కోపము వచ్చినప్పుడు, దుఃఖము వచ్చినప్పుడు, కాలు నిలువనంత యుత్సాహము వచ్చినప్పుడు తమ్ము దామే పట్టుకొనుట వారికెట్లు నేర్పవలయునన్నది నా విషయము. దీనిని నేడే చెప్పుటకొక కారణము కలదు. మనము కట్టదలచిన విద్యార్థి వసతిగృహమునకు వ్రాసిన నియమావళి చిత్తుప్రతి నాకు చేరినది. అందలి రెండు నియమములు నాకు నిద్ర పట్టనీయలేదు. వాని మాట చివర జెప్పెదను.

ముందుగా నా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది. 1994వ సంవత్సరమున కుప్పము ప్రాంతమున నొక బడిలో పనిచేయుచుంటిని. నాలుగవ తరగతి బాలుడొకడు ఒక సోమవారము ప్రక్కవాని పలకను విఱుగగొట్టి, నేను పిలిచినను పలుకక, బల్లక్రింద దూరి కూర్చుండెను. వానిని చేయిపట్టి యీడ్చి బెత్తముతో గొట్టితిని. వాడు ఏడ్వలేదు. అది నాకు ధిక్కారముగా దోచి మఱి రెండు కొట్టితిని. సాయంకాలము వాని యవ్వ వచ్చి సంగతి చెప్పినది. తండ్రి బెంగుళూరికి కూలిపనికి బోయి మూడు నెలలైనదట. ఆదివారము తప్పక వచ్చెదనని కబురంపెనట. పిల్లవాడు ఉదయము మొదలు చీకటిపడువఱకు రైలుస్టేషనులో గూర్చుండెనట. తండ్రి రాలేదు. ఆ రాత్రి నాకు అన్నము సయింపలేదు. వానిని పిలిచి రెండు మంచిమాటలు చెప్పవలెనని యనుకొనుచుండగనే, ఆ వారములోపల వాడు బడి మానివేసెను. మఱి కనబడలేదు.

మన భాషలో కోపము వేఱు, అలుక వేఱు, ఉక్రోషము వేఱు, బెంగ వేఱు. ఇన్ని మాటలుండగా పిల్లవాడు చేసినదానికెల్ల మనము "పొగరు" అను నొక్కమాటయే వాడుచున్నాము. ఆనాడు వానికున్నది బెంగ. ఆ మాట నేనుగాని, మఱెవ్వరుగాని వానికి చెప్పియుండినచో, పలక విఱుగక పోయెడిదేమో! తన లోపల నేమి జరుగుచున్నదో దానికొక పేరు తెలిసిన పిల్లవాడు నోటితో జెప్పును. తెలియనివాడు చేతులతో జెప్పును.

మనము క్రమశిక్షణ యనగానే అడచివేయుట యనుకొందుము. సంయమశబ్దములోని 'యమ్' ధాతువునుండియే సారథికి 'యంత' యను పేరు గూడ వచ్చినది. కఠోపనిషత్తులో శరీరము రథముగను, ఇంద్రియములు గుఱ్ఱములుగను, మనస్సు పగ్గముగను, బుద్ధి సారథిగను జెప్పబడినవి. గుఱ్ఱముల కాళ్లు కట్టివేయుమని యందెచ్చటను లేదు. అయితే పసివాని రథమునకు సారథి యింకను పెరుగుచున్నాడు. ఆలోచించి ఆగుటకు ఆధారమైన మెదడు ముందుభాగము ఇరువదియేండ్లు దాటిన పిదపగాని పూర్తిగా పక్వము కాదని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అంతవఱకు పగ్గమున నొక చేయి పెద్దలది.

పుంగనూరు శాఖవారికి పశువుల మాట లేనిదే సభ రుచింపదు. పొట్టియావులతో పేరుగాంచిన సీమ గదా! మన రైతు క్రొత్తకోడెకు కాడి యలవాటు చేయునప్పుడు సాధువైన పాతయెద్దును జతగా గట్టును. కోడె బెదరి ప్రక్కకు లాగినను పాతయెద్దు తన నడక మార్చదు. కొన్ని దినములకు కోడెకు నాయడుగు పట్టువడును. రెండును బెదరుగొడ్లే యైనచో కాడి విఱుగును. మన యిండ్లలో జరుగుచున్నదేమి? మదనపల్లె మార్కెట్టులో టమోటా ధర పడిన దినమున ఎన్ని యిండ్లలో పిల్లలకు దెబ్బలు పడునో మీకు దెలియును, నాకును దెలియును. అరచుచు "అరవకు" అని చెప్పు తండ్రివద్ద బిడ్డ అరచుటయే నేర్చుకొనును. పిల్లవాడు మండిపడుచున్నప్పుడు మన గొంతు తగ్గవలెను. వాని యెత్తునకు వంగవలెను. కొంచెము నీరిచ్చి, నాలుగడుగులు ప్రక్కన నడిపింపవలెను. తప్పొప్పుల విచారణ వాని ఊపిరి కుదుటబడిన తరువాత. ఇది ముద్దుచేయుట గాదు. విఱిగిన పలకకు బదులు వాడు తన పలక నీయవలసినదే.

పదియేండ్లు కొట్టుమని చెప్పు శ్లోకమును నాకు జూపి కొందఱు వాదింతురు. ఆ శ్లోకమే పదునాఱేండ్లవానిని మిత్రునివలె జూడుమన్నది. ఆ భాగమును మాత్రమెవ్వరును పాటింపరు! శ్లోకమెట్లున్నను, 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము 17వ విభాగమున బడిలో పిల్లలను గొట్టుటను, మానసికముగా హింసించుటను నిషేధించినది.

ఓర్పును గూర్చి యొక ముచ్చట. 1970 ప్రాంతమున అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున వాల్టర్ మిషెల్ అను మనశ్శాస్త్రజ్ఞుడు పసిపిల్లల యెదుట నొక మిఠాయి పెట్టి, "నేను తిరిగి వచ్చువఱకు ఆగినచో రెండిచ్చెద"ననెను. ఆగినవారు పెద్దయైన పిదప చదువులో మెఱుగైరని లోకమంతట చెప్పుకొనిరి. 2018లో మఱింత యెక్కువమంది పిల్లల వివరములు పరిశీలింపగా, ఆ సంబంధములో పెద్దభాగము ఇంటి స్థితిగతులదే యని తేలినది. ఇంతకంటె నా మనస్సునకు దగిలినది రోచెస్టరు విశ్వవిద్యాలయమువారు 2013లో ప్రకటించిన చిన్న పరిశోధన. ఇరువదియెనమండ్రు పిల్లలకు ముందుగా మంచి రంగుపెన్సిళ్లు తెచ్చియిచ్చెదమని చెప్పిరి. సగముమందికి దెచ్చిరి, సగముమందికి "లేవు" అనిరి. తరువాత మిఠాయి పెట్టిరి. మాట నిలుపుకొన్న పెద్దల యెదుట పిల్లలు సగటున 12 నిమిషములాగిరి. మాట తప్పినవారి యెదుట 3 నిమిషములే. ఇది చదివినప్పుడు నాకు కుప్పము రైలుస్టేషను కనులయెదుట నిలిచినది. నేడును మన కుప్పమువారెందఱో బెంగుళూరికి రైళ్లలో బోయి పనిచేయుచున్నారు. వారిని నిందింపను. రాలేనిచో రాలేనని ముందే చెప్పుడని మాత్రము వేడుకొందును.

ఇక పిల్లల కాలిలోని చురుకు మాట. మదనపల్లె యనగానే 1919లో రవీంద్రుడు జనగణమనను ఇచ్చట ఆంగ్లీకరించెనని ప్రతి సభలోను గర్వముతో జెప్పుకొందుము. 1895లో ఇదే యూర జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారు బాల్యమున బడిలో మందబుద్ధియని పేరుపడి దెబ్బలు తిన్న సంగతి యంతగా చెప్పుకొనము. శిక్షాభయముగాని బహుమానాశగాని లేని చదువు కావలెనని ఆయన 1986లో గతించువఱకు జెప్పుచునే యుండెను. ఆయన సంకల్పమున మన చెంతనే వెలసిన ఋషివ్యాలీలో పగలంతయు చదువుతో, ఆటలతో గడచిన పిమ్మట పిల్లలు ఒకచోట మౌనముగా గూర్చుండి సూర్యాస్తమయమును జూచు వాడుక కలదు. దానిని వారు 'అస్తాచలము' అందురు. ముందు కాలికి పని, పిదప మౌనము. ఈ వరుస గమనింపవలెను. ఆడని పిల్లవానిని గూర్చుండబెట్టినచో వాని దేహము కూర్చుండును గాని మనస్సు కూర్చుండదు.

ఆ సంస్థవారు చుట్టుపట్ల పల్లెలలో నడపిన చిన్నబడులలో నింకొక సొంపున్నది. పిల్లలందఱు ఒక్క పాఠమునకు నోరు తెఱచుకొని కూర్చుండరు. బొమ్మల గుర్తులున్న కార్డులను దీసికొని, నిచ్చెన యెక్కినట్లు, ఎవరి వేగమున వారు ముందునకు బోవుదురు. పెద్దవారు చిన్నవారికి సాయపడుదురు. కర్ణాటకమున 'నలి కలి', తమిళనాట కృత్యాధార బోధన యనునవి దీనినుండియే స్ఫూర్తి గొన్నవి. తన పని తానెంచుకొని, ముగించి, గుర్తు పెట్టుకొనుటయందే ఆత్మసంయమాభ్యాసము జరిగిపోవుచున్నది. కుప్పము చేరువ గుడుపల్లెయొద్ద అగస్త్య ఫౌండేషనువారి 172 ఎకరముల యావరణలోను పల్లెబడి పిల్లలు తమ చేతులతో ప్రయోగములు చేయుదురు. వారిలోనే కొందఱు ఇతరులకు వివరించి చెప్పుదురు. బల్లక్రింద దూరిన నా పిల్లవానికి అట్టి పని యొకటి యిచ్చియుండినచో!

ఇప్పుడు మన నియమావళి. అయిదవ నియమము ప్రకారము వేకువ నాలుగు గంటలు మొదలు రాత్రి పదకొండువఱకు చదువు. పరీక్షలు ముగియువఱకు ఆటలు లేవు. తొమ్మిదవది తప్పు చేసినవానిని అందఱి యెదుట మోకాళ్లపై నిలుపవలెననుచున్నది. వ్రాసినవారు మన మంచివారే; పిల్లలు ర్యాంకులు దెచ్చి సంఘమునకు పేరు దేవలెనని వారి యాశ. కాని పదునాలుగేండ్ల బాలునికి అయిదుగంటల నిద్ర చాలదు. నిద్రలేనివాడు తన కోపమునెట్లు పట్టుకొనును?

నా సవరణలివి. రాత్రి తొమ్మిదిన్నరకు దీపములార్పవలెను. సాయంకాలమున ఒక గంట ఆట, ఆపై పావుగంట మౌనము పరీక్షాదినములందును మానరాదు. తొమ్మిదవ నియమమును కొట్టివేయవలెను. నెలకొక ఆదివారము తలిదండ్రుల రాకకు నిర్ణయించి, రాలేనివారు ముందుదినమే బిడ్డతో స్వయముగా ఫోనులో మాటలాడవలెను. వార్డెనును నియమించునప్పుడు పట్టాతోపాటు వాని కోపమెట్టిదో గూడ విచారింపవలెను. జీతము కొంత యెక్కువైనను సరే. ప్రతి సంవత్సరము బంగారుపతకములకు విరాళమిచ్చు దాతలలో నొకరు, ఈ యేడు ఆ సొమ్ముతో వసతిగృహము వెనుకనున్న ముండ్లచెట్లను దీయించి ఆటస్థలము చదును చేయింపుడని ప్రార్థించుచున్నాను.

నాకిప్పుడు తీఱిక కలదు. మొదటి సంవత్సరము ప్రతిదినము అయిదుగంటలనుండి ఏడువఱకు నేనచ్చటనే యుండెదను. బెత్తము దెచ్చుకొనను. మధ్యాహ్నసభలో నియమావళి చర్చకు వచ్చునప్పుడు ఈ సవరణలను మీరు బలపఱచుదురని నమ్ముచు సెలవు గైకొనుచున్నాను.